ఏటి మీద కాలువ

వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య, సముద్రానికి దగ్గర్లో మా మలికిపురం. చిన్నప్పుడు బిందె ముంచుతూ అడిగేదాన్ని: ఈ కాలువ ఏటిని దాటి ఎలా వచ్చింది?

"ఏటి మీంచే వత్తాదే పిల్లా" అనేది అమ్మమ్మ. నమ్మేదాన్ని కాదు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ధవళేశ్వరం ఆనకట్ట ఎత్తులో నిలిపిన నీరు కొద్దిపాటి వాలులో నడుస్తూ, పి.గన్నవరం చేరేసరికి కూడా వైనతేయ కంటే పైనే ఉంటుంది. అందుకే 1850ల తొలి ఏళ్లలో కట్టిన 49 కమానుల అక్విడక్టు మీదుగా, ఏ యంత్రమూ తోడకుండానే ఏరు దాటింది. ఇప్పుడు దాని పక్కనే కొత్తది ఉంది.

కాటన్, హేగ్ పేర్లు చరిత్రకెక్కాయి. రాయీ సున్నమూ మోసిన కూలీల పేర్లు ఎక్కలేదు. అమ్మమ్మకు నీటి దారి తెలుసు. ఎలా తెలుసని మాత్రం నేనెప్పుడూ అడగలేదు.