గుల్జార్ హౌజ్: పాత గోడల్లోకి కొత్త కరెంటు

ఈరోజు ఎపిసోడ్ గుల్జార్ హౌజ్ గురించి. చార్మినార్ నుంచి మదీనా దిక్కు నడిస్తే నాలుగు కమాన్ల మధ్యలో ఒక ఫౌంటెన్ వస్తుంది కదా, అదే. చార్మినార్ కట్టింది 1591లో. ఈ కమాన్లు, హౌజ్ కూడా కుతుబ్‌షాహీల కాలానివే. ఇప్పుడు చుట్టూ ముత్యాల షాపులు, నగల షాపులు. చాలాచోట్ల కింద దుకాణం, పైన ఇల్లు.

2025 మే 18, ఆదివారం పొద్దున ఆరు దాటాక అలాంటి ఒక బిల్డింగ్‌లోనే మంటలు లేచాయి. 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. చాలామంది ప్రాణం తీసింది మంట కాదు, పొగ. బయటికి రావడానికి ఉన్నది ఒక్కటే ఇరుకు మెట్ల దారి. షార్ట్ సర్క్యూట్ వల్ల అయి ఉండొచ్చని అధికారులు మొదట్లో చెప్పారు.

ఈ "షార్ట్ సర్క్యూట్" అనే మాట వింటే నాకు చిరాకు. పిడుగు పడ్డట్టు, ఎవరి చేతిలోనూ లేనట్టు చెప్తారు. కానీ దాని వెనక చాలాసార్లు ఏళ్ల తరబడి నడిచిన కథ ఉంటుంది.

మన సిటీ కథే చూడండి. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1920లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ పవర్ స్టేషన్ మొదలైంది. అంటే చార్మినార్ కట్టిన మూడు వందల ఏళ్ల తర్వాత. పాతబస్తీలో ఎన్నో గోడలు కరెంటు వస్తదని తెలియకముందే లేచినవి. తర్వాత వాటి మీద చెక్క పట్టీలు కొట్టి, వాటిలో వైరు లాగారు. ఒక బల్బు, ఒక ఫ్యాను, డబ్బున్నోళ్లకు రేడియో. ఆ లోడుకు ఆ వైరు సరిపోయింది.

ఆ పవర్ స్టేషన్‌ను 1990లలో కూల్చేశారు కూడా. ఇళ్లలో లోడు మాత్రం పెరుగుతూనే పోయింది: టీవీ, కూలర్, ఫ్రిజ్, గీజర్, చివరికి ఏసీ. అన్నదమ్ములు వాటాలు పంచుకుని మధ్యలో గోడ కడతారు, కొత్త వాటాకు పాత బోర్డు నుంచే లైన్ లాగుతారు. ఫ్యూజ్ పదే పదే పోతుంటే లావు రాగి తీగ చుట్టేస్తారు. ఇక ఫ్యూజ్ పోదు, నిజమే. దాని బదులు గోడలో వైరు కాలుతుంది.

చిన్న లెక్క చెప్తా. మామూలు 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, మన 230 వోల్టుల మీద మోయగలిగేది దాదాపు 1380 వాట్లు. గీజర్ ఒక్కటే 2000 వాట్లు. ఇండక్షన్ స్టవ్ కూడా దగ్గర దగ్గర అంతే. ఇంకో సంగతి, వైరులో కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఆ వేడికి పైన ప్లాస్టిక్ పొర ఎండి పగిలిపోతుంది, లోపలి తీగలు ఒకదాన్నొకటి తాకుతాయి. పేపర్లో రాసే షార్ట్ సర్క్యూట్ చాలాసార్లు ఇదే.

మరి అద్దె ఇంట్లో ఉన్నోళ్లు గోడలు పగలగొట్టలేరు కదా, ఏం చేయాలి? ఏసీ, గీజర్లకు విడిగా లైన్ ఉందా అని ఓనర్‌ను అడగండి. ఏసీ నడుస్తుంటే ప్లగ్ వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎంసీబీ పదే పదే పడిపోతుంటే ఇంకా పెద్దది వేయించి ఊరుకోకండి, అది తన పని తాను చేస్తోంది. ఫోన్‌ను దిండు కింద పెట్టి చార్జింగ్ చేయకండి. ఇది మీకే చెప్తున్నా.

మెట్ల కింద మీటర్ బోర్డు, దాని ముందే బైకులు, అట్టపెట్టెలు: పాతబస్తీ గల్లీల్లో నేను మాటిమాటికీ చూసేది ఇదే. అక్కడ మంట లేస్తే పైనున్నోళ్లకు దారి అక్కడే మూసుకుపోతుంది. ఈ రాత్రే కిందికి దిగి ఆ బైకులు పక్కకు జరపండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద టెస్ట్ బటన్ ఉంటది, నొక్కి చూడండి. కరెంటు పోతే మంచిదే. పోకపోతే పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ కొట్టండి.