వియన్నా పియానో, లండన్ పియానో

పాశ్చాత్య సంగీతము వినే అలవాటు ఉన్నవారికి సైతము పియానో అంటే ఒకే వాద్యముగా తోస్తుంది. నల్లగా మెరిసే పెద్ద పెట్టె, 88 మెట్లు, సభామందిరము చివరి వరుస దాకా వినిపించే నాదము. మోజార్టు కృతి అయినా, బీథోవెన్ కృతి అయినా, షోపాన్ కృతి అయినా సాధారణముగా దానిమీదనే వాయిస్తున్నారు. కాని ఈ ముగ్గురిలో ఎవ్వరును అట్టి వాద్యమును కంటితో చూచి ఎరుగరు. వారి కాలమున పియానో కొనదలచినవారు మొదట ఆలోచించవలసినది అది ఏ ఊరిలో తయారైనదా అని. ఊరు మారితే మెట్టు బరువు మారేది, నాదము మారేది. అంతటితో ఆగక, ఆ వాద్యముమీద పుట్టే సంగీతము కూడ మారేది. ఈ చివరి మాటను నాలుగు దృష్టాంతములతో వివరించడమే నా ఉద్దేశము.

పియానో పుట్టినది ఇటలీలో. ఫ్లోరెన్సు నగరమున మెదీచి ప్రభువుల కొలువులో వాద్యములు నిర్మించే బార్తొలోమెయో క్రిస్టోఫోరి 1700 నాటికే దానిని సిద్ధము చేసినాడు. అంతకు ముందున్న హార్ప్‌సికార్డులో మెట్టు నొక్కితే చిన్న ఈకముక్క తంత్రిని మీటేది. ఎంత బలముగా నొక్కినా, ఎంత మృదువుగా నొక్కినా వచ్చే ధ్వని ఇంచుమించు ఒక్కటే. మన హార్మోనియము ఎరిగినవారికి ఈ లోపము సులభముగా బోధపడుతుంది. అందులోను ధ్వని హెచ్చుతగ్గులు తిత్తి ఆడించే చేతిలో ఉన్నవి గాని మెట్టు నొక్కే వేలిలో లేవు. క్రిస్టోఫోరి ఈకను తొలగించి సుత్తిని అమర్చినాడు. సుత్తి తంత్రిని కొట్టాలి. కొట్టిన మరుక్షణమే, వేలు ఇంకా మెట్టుమీద ఉన్నప్పటికీ, వెనుకకు పడిపోవాలి. పడకపోతే తంత్రి కంపనమును ఆ సుత్తియే అణచివేస్తుంది. ఈ చిక్కును ఆయన విప్పినాడు. తరువాతి నూరేండ్లలో ఐరోపా శిల్పులు అదే చిక్కును తలకొక విధముగా విప్పినారు. పియానోల భేదములన్నిటికీ మూలము అక్కడ ఉన్నది.

1777 అక్టోబరులో 21 ఏండ్ల మోజార్టు ఆగ్స్‌బర్గు నగరమునకు వచ్చి యోహాన్ ఆంద్రేయాస్ స్టైన్ అనే శిల్పి కర్మశాలను దర్శించినాడు. అక్కడనుండి తండ్రికి వ్రాసిన ఉత్తరము పియానో చరిత్రకు గొప్ప ఆధారము. అంతవరకు తనకు రేగెన్స్‌బర్గు శిల్పి ష్పేట్ చేసిన వాద్యములే ఇష్టమనీ, ఇకమీదట స్టైన్ వాద్యములకే అగ్రస్థానము ఇస్తాననీ అందులో చెప్పినాడు. కారణము కూడ వివరించినాడు. స్టైన్ వాద్యముమీద ఎట్లు నొక్కినా స్వరము సమముగా పలుకుతుంది. వేలు తీసిన వెంటనే నాదము ఆగిపోతుంది. సుత్తి తప్పుకొనే ఏర్పాటు ఉన్నందువలన అదురు లేదు. స్టైన్ తన వాద్యమును 300 ఫ్లోరిన్లకు తక్కువ అమ్మడనీ, అయినా ఆ శ్రమకు అది వెల కాదనీ మోజార్టు అభిప్రాయము. తంత్రుల క్రింద ఉండే పలకను స్టైన్ తయారుచేసి ఎండలో, వానలో, మంచులో పడవేసేవాడట. అది పగిలితే ఆ పగుళ్ళలో చెక్కముక్కలు దిగగొట్టి జిగురు పెట్టేవాడట. పగులవలసినదేదో ముందే పగిలిపోతే ఇక భయము లేదని ఆ శిల్పి ధీమా! వాద్యమును కొన్నవాని ఇంటిలో పగిలే కొయ్యకంటె చేసినవాని పెరటిలో పగిలే కొయ్య మేలు కదా.

స్టైన్ మార్గమే వియన్నా మార్గమైనది. ఆయన కుమార్తె నానెట్ తండ్రి వద్దనే ఈ విద్య నేర్చుకొని, 1792లో ఆయన మరణించిన పిమ్మట, 1794లో భర్త ఆంద్రేయాస్ స్ట్రైఖర్‌తో వియన్నా చేరి అక్కడ కర్మశాల నెలకొల్పినది. ఆ కాలమున ఒక స్త్రీ ఇట్టి పరిశ్రమను స్వయముగా నడిపించడము విశేషమే. ఈ మార్గములో సుత్తి మెట్టుమీదనే నిలిచి ఉంటుంది. మెట్టు ముందుభాగము క్రిందికి దిగితే వెనుకభాగము పైకి లేస్తుంది. దానితోపాటు సుత్తియును లేచి, తోకభాగము ఒక కొక్కెమునకు తగిలి, ఎగిరి తంత్రిని తాకుతుంది. సుత్తి చాల చిన్నది, దానిపై పలుచని తోలు మాత్రమే. మెట్టు దిగే లోతు సుమారు ఐదు మిల్లిమీటర్లు. నేటి పియానోలో దాదాపు దానికి రెట్టింపు. కనుక వేలికొన కదలినంత మాత్రమున స్వరము పలుకుతుంది. ఆ నాదము స్పష్టమైనది, కొంచెము వేణునాదమును తలపించేది, త్వరగా అణగిపోయేది. మోజార్టు సుమారు 1782లో సంపాదించుకొన్న వాల్టర్ పియానో ఇట్టిదే. అది ఇప్పటికీ సాల్జ్‌బర్గులో ఉన్నది. ఐదు స్థాయిల ఆ వాద్యము బరువు ఇంచుమించు 85 కిలోలు. నేటి సభా పియానో 480 కిలోలు. మోజార్టు కృతులలోని చిన్నచిన్న విరుపులు, రెండేసి స్వరములను కలిపి విడిచే తీరు, మాటలాడినట్లుండే ఆ పలుకుబడి ఈ తేలికయైన మెట్టునుండి పుట్టినవని నా అభిప్రాయము.

లండన్ శిల్పుల దారి వేరు. అక్కడ సుత్తి మెట్టుమీద ఉండదు. వేరే కమ్మికి వ్రేలాడుతూ ఉంటుంది. మెట్టుమీద నిలిచిన చిన్న పుల్ల దానిని క్రిందినుండి పైకి నెట్టి తప్పుకొంటుంది. ఈ ఏర్పాటునకు ఆద్యుడు అమెరికస్ బాకర్స్. దానిని ప్రఖ్యాతికి తెచ్చినవాడు జాన్ బ్రాడ్‌వుడ్. ఈయన స్కాట్లండునుండి వచ్చిన వడ్రంగి. లండనులో బర్కట్ షూడీ అనే హార్ప్‌సికార్డు శిల్పి వద్ద పనికి కుదిరి, ఆయన కుమార్తెనే వివాహమాడి, కర్మశాలకు వారసుడైనాడు. బ్రాడ్‌వుడ్ పియానో మెట్టు బరువైనది, లోతుగా దిగేది. సుత్తి పెద్దది, తంత్రులు లావు, నాదము నిండైనది. వేలు తీసినా నాదము ఠక్కున ఆగదు. ఒక క్షణము గాలిలో తేలి అణగుతుంది. వియన్నావారికి ఇది దోషము, లండన్‌వారికి అందము.

1790లో హైడెన్ వియన్నాలోని ఒక స్నేహితురాలికి పియానో కొనే విషయమై సలహా వ్రాస్తూ, షాంట్స్ అనే శిల్పి వాద్యములు అతి తేలికగా పలుకుతాయని మెచ్చుకొని, వాల్టర్ వాద్యములు ప్రియమనీ పదింటిలో ఒకటి మాత్రమే బాగుంటుందనీ చెప్పినాడు. తేలికదనమే అప్పుడు ఆయనకు ప్రమాణము. 1791లోను, మరల 1794లోను ఆయన లండను వెళ్ళినాడు. అక్కడ తెరేసా యాన్‌సెన్ అనే విదుషికి వ్రాసిన సి మేజర్ సొనాటా చూడండి. వియన్నా పియానోల ఐదు స్థాయిలకు పైన ఉన్న స్వరములు అందులో ఉన్నవి. పెడలు తొక్కి నాదములను కలిసిపోనిమ్మనే సూచన ఉన్నది. నిండుగా మ్రోగే స్వరసముదాయములు ఉన్నవి. అరువదేండ్లు దాటిన విద్వాంసునికి ఒక క్రొత్త వాద్యము క్రొత్త భాష నేర్పినది.

ఈ రెండు మార్గములను నిష్పక్షపాతముగా తూచినవాడు మోజార్టు శిష్యుడైన హుమెల్. 1828లో వెలువడిన తన పియానో బోధినిలో, వియన్నా వాద్యము ఎంత బలహీనమైన చేతికైనా లొంగుతుందనీ, అన్ని ఛాయలను పలికిస్తుందనీ, వాయించేవానికి శ్రమ లేదనీ ఆయన వ్రాసినాడు. ఆంగ్ల వాద్యమునకు నిండుతనము, మన్నిక ఉన్నవనీ, కాని మెట్టు లోతు వలన వేగము కుంటుపడుతుందనీ అన్నాడు. ఆశ్చర్యము కలిగించేది మరొక మాట: ఆంగ్ల పియానో గదిలో ఘనముగా మ్రోగుతుంది గాని, పెద్ద సభలో వాద్యబృందము నడుమ వియన్నా పియానోయే విడిగా వినిపిస్తుందట. లావైన నాదము నలుగురిలో కలిసిపోతుంది, సన్నని నాదము చీల్చుకొని వస్తుంది. ధ్వని పెద్దదైతే చాలు దూరము పోతుందనుకొనేవారు ఈ మాటను ఆలోచించవలెను.

రెండు మార్గముల నడుమ నలిగినవాడు బీథోవెన్. 1796లోనే ఆయన స్ట్రైఖర్‌కు జాబు వ్రాస్తూ, మీరు పంపిన పియానో నాకు మితిమీరిన మంచిది, నా నాదమును నేను సృష్టించుకొనే స్వేచ్ఛ అది నాకు మిగల్చడము లేదు అనే అర్థము వచ్చేటట్లు చెప్పినాడు. 1803లో ప్యారిస్‌నుండి ఎరార్ పియానో వచ్చినది. అది ఆంగ్ల పద్ధతిది, కాలితో తొక్కే నాలుగు పెడళ్ళు కలది. వాల్డ్‌స్టైన్ సొనాటా ఆ దినములలోనే పుట్టినది. కాని ఎరార్ మెట్టు బరువు ఆయనకు సరిపడలేదు. దానిని వియన్నా శిల్పులచేత మార్పించినాడు. అప్పటికీ తృప్తి లేదు. 1817 చివర లండన్‌నుండి థామస్ బ్రాడ్‌వుడ్ ఒక పియానోను కానుకగా పంపినాడు. అది ఓడమీద ట్రియెస్టుకు చేరి, అక్కడనుండి కొండదారుల మీదుగా 1818లో వియన్నాకు వచ్చినది. దానిమీద లండన్ విద్వాంసుల సంతకములు ఉన్నవి. దురదృష్టమేమంటే అప్పటికి ఆయనకు వినికిడి దాదాపు పోయినది. కొట్టి కొట్టి తంత్రులు తెంపినాడు. చివరి దినములలో వియన్నా శిల్పి కాన్రాడ్ గ్రాఫ్, అనేక స్వరములకు నాలుగేసి తంత్రులు బిగించిన ఒక పియానోను ఆయన ఇంటికి ఇచ్చినాడు. బ్రాడ్‌వుడ్ వాద్యము తరువాత లిస్టు చేతికి వచ్చి, ఆయన దానముగా బుడాపెస్టులోని జాతీయ మ్యూజియమునకు చేరినది. గ్రాఫ్ వాద్యము బాన్ నగరమున బీథోవెన్ పుట్టిన ఇంట ఉన్నది.

వాద్యము మారితే కృతి ఎంత మారుతుందో చెప్పడానికి ‘మూన్‌లైట్’ అని పేరుపడిన సొనాటా చాలును. 1801లో రచించిన ఈ కృతి మొదటి భాగమంతయు, తంత్రులను అణచే మెత్తలను పైకి లేపి ఉంచి వాయించవలెనని బీథోవెన్ స్పష్టముగా సూచించినాడు. నేటి పియానోమీద అక్షరాలా అట్లు చేస్తే ఒక స్వరముమీద మరొక స్వరము పడి అంతా బురద అవుతుంది. అందువలన నేటి విద్వాంసులు పెడలును మాటిమాటికి మార్చుకొంటారు. నాటి వియన్నా పియానోమీద నాదము త్వరగా క్షీణిస్తుంది కనుక పాత స్వరముల నీడమాత్రమే క్రొత్త స్వరములమీద పడుతుంది. ఆయన కోరినది ఆ నీడను. ఆ సూచన చెవిటివాని పొరపాటని తలచినవారు వాద్యమును మరచినారు.

ప్యారిస్‌లో పోటీ ఎరార్, ప్లేయెల్ అనే రెండు కర్మశాలల మధ్య జరిగినది. ఎరార్ వారు 1821లో ఒక నూతన యంత్రరచనకు పేటెంటు పొందినారు. దానివలన మెట్టు పూర్తిగా పైకి లేవకముందే అదే స్వరమును మరల పలికించవచ్చును. బాలుడైన లిస్టు ప్యారిస్ చేరినది మొదలు ఆ వాద్యమునే చేపట్టినాడు. ఆయన కృతులలో ఒకే స్వరము వడగండ్లవలె రాలే ఘట్టములు దాని వరమే. ప్లేయెల్ వారు పాత పద్ధతిని విడువలేదు. వారి వాద్యము మెట్టు తేలిక, నాదము పలుచని తెర వెనుక వెండిగంటవలె ఉండేది. షోపాన్ 1832లో ప్యారిస్‌లో చేసిన మొదటి కచేరీ, 1848లో అక్కడ చేసిన చివరి కచేరీ రెండును ప్లేయెల్ వారి సభలలోనే జరిగినవి. ఒంటిలో బాగుండనినాడు సిద్ధముగా నాదమిచ్చే ఎరార్ చాలుననీ, ఉత్సాహముగా ఉన్ననాడు తన నాదమును తాను వెదకికొనడానికి ప్లేయెల్ కావలెననీ ఆయన అనేవాడని సమకాలికులు చెప్పినారు. బీథోవెన్ స్ట్రైఖర్‌కు వ్రాసిన మాటతో దీనిని పోల్చి చూడండి. మంచి వాద్యము అన్నీ తానే చేసిపెడుతుంది. మహావిద్వాంసునికి కావలసినది అది కాదు. 1848లో లండనులో షోపాన్ బస చేసిన గదిలో ప్లేయెల్, ఎరార్, బ్రాడ్‌వుడ్ మూడును ఉండేవి. అప్పటికే ఆయన జబ్బుపడి ఉన్నాడు. మరుసటి యేట మరణించినాడు.

తరువాతి కథ త్వరగా ముగుస్తుంది. అమెరికాలో ఇనుప చట్రములు వచ్చినవి. 1853లో న్యూయార్కున వెలసిన స్టీన్‌వే సంస్థ 1859లో, పెద్ద పియానోలో మంద్రతంత్రులను ఇతర తంత్రులమీదుగా వాలుగా బిగించే పద్ధతికి పేటెంటు తీసికొన్నది. తోలుకు బదులు దట్టమైన ఉన్ని ఫెల్టు సుత్తులకు ఎక్కినది. తంత్రుల బిగింపు మొత్తము ఇరువది టన్నుల వరకు పెరిగినది. 1867 ప్యారిస్ ప్రదర్శనలో అమెరికా పియానోలకు బంగారు పతకములు లభించడముతో గాలి ఎటు వీస్తున్నదో ఐరోపాకు తెలిసిపోయినది. వియన్నాలో బ్యోసెన్‌డోర్ఫర్ వారు మాత్రము పాత యంత్రరచనను 20వ శతాబ్ది తొలినాళ్ళదాకా నిలుపుకొన్నారు. బ్రామ్స్ తన ఇంట 1868 నాటి స్ట్రైఖర్ పియానోనే చివరివరకు ఉంచుకొన్నాడు. ఈ మార్పును కేవలము నష్టమని నేను అనను. రాహ్మానినోవ్ కృతిని వాల్టర్ పియానోమీద వాయిస్తే తంత్రులే కాదు, పెట్టె కూడ నిలువదు. కాని వేయిమంది కూర్చొనే సభ కోసము తయారైన వాద్యము, ఇరువదిమంది కూర్చొనే గదికై వ్రాసిన సంగీతమునకు సహజముగా సరిపోతుందని ఎట్లు అనుకొన్నారో! ఒక వాద్యము గెలిచినప్పుడు మిగిలినవి అపరిపక్వములని చెప్పడము గెలిచినవారికి అలవాటు.

20వ శతాబ్ది ఉత్తరార్ధమున కొందరు విద్వాంసులు, శిల్పులు వెనుకకు తిరిగి చూచినారు. పాల్ బదూరా-స్కోడా పాత వాద్యములను సేకరించి వాయించినాడు. 1980 దశాబ్దిలో మాల్కమ్ బిల్సన్ మోజార్టు కాలపు పియానో నమూనామీద ఆయన కన్చేర్తోలను రికార్డు చేసినాడు. పాత కొలతలతో క్రొత్త వాద్యములు చేసే శిల్పులు కూడ బయలుదేరినారు. 2013లో ప్లేయెల్ వారు ఫ్రాన్సులో పియానోల తయారీని నిలిపివేసినారు. ఐదేండ్ల తరువాత, 2018 సెప్టెంబరులో, షోపాన్ కృతులను ఆయన కాలపు వాద్యములమీద మాత్రమే వాయించవలెనని వార్సాలో మొదటిసారిగా ఒక అంతర్జాతీయ పోటీ జరిగినది. వేదికమీద ఎరార్, ప్లేయెల్, బ్రాడ్‌వుడ్ వాద్యములు వరుసగా నిలిపినారు. అభ్యర్థి ఏ కృతికి ఏ పియానో కూర్చొని వాయించవలెనో తానే ఎంచుకొనవలసి వచ్చినది.