ఏనుగు దంతం మీద ముఖాలు

ఆ పుల్లలు కాస్త లోపలికి ఎగదొయ్యరా, పొగ కొడుతోంది. హాఁ. నువ్వు ఫోన్లో ఫొటో చూపించావు చూడు, దాంతో గుర్తొచ్చింది. నేను ఫిలడెల్ఫియాలో ఉద్యోగం చేసేటప్పుడు అక్కడి మ్యూజియంలో గుడ్డు కన్నా చిన్న బొమ్మలు చూశాను. అన్నీ మనుషుల ముఖాలే.

ఫొటో పుట్టని కాలం నాటివి. మొగుడు ఓడెక్కితే మళ్లీ వస్తాడో రాడో! అందుకని అతని ముఖం గీయించి, లాకెట్లో పెట్టి మెళ్లో వేసుకునేవాళ్లు. వెనక అద్దం కింద ఆ మనిషి వెంట్రుకలే జడలా అల్లి పెట్టేవాళ్లు. నవ్వకు, మనిషి పోయినా వెంట్రుక ఉంటుంది.

గీసేది దంతపు రేకు మీద. దంతానికి జిడ్డు కదా, నీటిరంగు నిలవదు. ముందు దాన్ని గరుకు పొడితో రుద్దుకోవాలి. ఆ మీద సన్నటి కుంచెతో చుక్క పక్కన చుక్క, గీత మీద గీత. రంగు పల్చన కాబట్టి కింది తెలుపు బుగ్గల్లోంచి కనపడేది, ఒంట్లో నెత్తురు ఆడుతున్నట్టే. పాపం, ఆ ఏనుగుల మాట ఎవరెత్తారు?

ఆ ఊళ్లోనే పీల్ అన్నదమ్ములు ఉండేవారు. 1786లో అన్న చార్ల్స్ పెద్ద బొమ్మలు తను ఉంచుకుని, చిన్నవి తమ్ముడు జేమ్స్‌కి వదిలేశాడు, పొలం పంచుకున్నట్టు. కానీ మొనగాడంటే న్యూపోర్ట్ వాడు మాల్బోన్. ఊరూరూ తిరిగి గీసి, 1807లో క్షయతో పోయాడు. ముప్ఫై నిండలేదు.

1839లో పారిస్ నుంచి డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి కబురొచ్చింది. దాన్ని అమెరికాకి రాసి పంపినవాళ్లలో టెలిగ్రాఫ్ మోర్స్ ఒకడు. అతనూ చిత్రకారుడే, చూడు తమాషా! బొమ్మకైతే పూటలు పూటలు కూర్చోవాలి. ఫొటోకి కాసేపు కదలకుండా ఉంటే చాలు, ఖర్చూ తక్కువ. చేతిపని తెలిసిన కొందరు చివరికి ఫొటోలకి రంగులద్దే పనిలో పడ్డారు.

దంతం మీద బొమ్మలు గీసే జాన్ హెన్రీ బ్రౌన్ మాత్రం కుంచె వదల్లేదు. 1860 ఆగస్టులో ఒక జడ్జిగారు అతన్ని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి, లింకన్ దగ్గరికి పంపారు. ఎన్నికల రోజులు, మనిషి ఎలా ఉన్నా బొమ్మ అందంగా రావాలట! బ్రౌన్ ఏం చేశాడో తెలుసా? ముందు లింకన్‌ని ఫొటో తీయించాడు. అది దగ్గర పెట్టుకుని దంతం మీద గీశాడు.

నాలుగైదేళ్లు తిరక్కుండానే ఆ బ్రౌనే ఫిలడెల్ఫియాలో ఒక ఫొటో స్టూడియోలో భాగస్తుడయ్యాడు.