ఎఱ్ఱగద్ద డివిజను



సైన్యమనఁగానే మనకు భారతములోని యక్షౌహిణులు జ్ఞప్తికి వచ్చును. నేఁటి సైన్యములందు డివిజను అనెడి విభాగము గలదు. మూఁడు పటాలములు చేరినచో నొక బ్రిగేడు. అట్టి బ్రిగేడులు మూఁడును, ఫిరంగులవారును, వంతెనలు కట్టువారును, వైద్యులును, వంటవారును గూడినచో డివిజను. ఒక చిన్న పట్టణము లేచి నడచినట్లుండును. నేను చెప్పఁబోవునది భారత సైన్యపు నాలుగవ డివిజను వృత్తాంతము. ఎఱ్ఱని గద్ద దాని చిహ్నము.

ఇది 1939లో ఈజిప్టునం దేర్పడెను. ఆనాఁడు మనము పరుల యేలుబడిలో నుంటిమి. యుద్ధమును మన మడిగినది కాదు. అయినను పోరినవారు మన పల్లెల బిడ్డలే. 1940 డిసెంబరులో సిదీ బర్రానీ యొద్ద ఇటలీ సేనను ఓడించిరి. ఆ గెలుపు చల్లాఱక మునుపే వారిని సూడాను మీఁదుగా ఎరిత్రియాకుఁ బంపిరి.

అచ్చటి కెరెన్ పట్టణమునకు ముందు కొండలు కోటగోడవలె నిలిచి యున్నవి. పైన శత్రువులు, క్రింద మనవారు. నీళ్లును తూటాలును మనుష్యులే వీఁపులపై మోయవలసి వచ్చెను. 1941 ఫిబ్రవరి మొదలు మార్చి 27 వఱకు పోరు సాగెను. రాజపుతానా రైఫిల్సు సుబేదారు రిచ్‌పాల్ రామ్ ఒక రాత్రి ఆఱు ఎదురుదాడులను నిలువరించి, తూటాలు నిండుకొన్న పిమ్మట వెనుకకు వచ్చెను. కొలఁది దినములకే మరల దాడికిఁ బోయి యచ్చటనే మరణించెను. విక్టోరియా క్రాసు ఆయన మరణానంతర మిచ్చిరి.

పిమ్మట ఎడారి పోరులు. 1943 మే 12న ట్యునీసియాలో జర్మను సేనాని ఆర్నిం ఈ డివిజను సేనాని టకర్ ఎదుట లొంగిపోయెను.

1944లో ఇటలీలోని కసీనో. కొండపైఁ గల ప్రాచీన మఠమును ఫిబ్రవరి 15న విమానములు నేలఁగూల్చినవి. ఆ శిథిలములే శత్రువునకు మంచి మఱుఁగులైనవి. మార్చిలో 9వ గూర్ఖా రెజిమెంటు మొదటి పటాలము మఠము క్రిందనే యొక గుట్టను పట్టుకొని, విమానములు జాఱవిడిచిన తిండితో దినములు గడపి, తుద కాజ్ఞపై దిగివచ్చెను. ఈ పటాలమును గుర్తుంచుకొనుఁడు. మన ప్రాంతపువారికి ఈ డివిజనుతోఁ గల సంబంధము మదరాసు సాపర్లు. వారిలోఁ దెలుఁగువారును తమిళులును గలరు. ఆ దళపు తమిళ సుబేదారు సుబ్రహ్మణ్యన్ 1944 ఫిబ్రవరి 24న, తోడివాఁడు త్రొక్కిన మందుపాతరపైఁ దాను పడి, ప్రక్కవారిని బ్రతికించి తాను మడిసెను. జార్జి క్రాసు లభించెను.

1947 ఆగస్టులో పంజాబు సరిహద్దు కాపు ఈ డివిజనుకే యప్పగించిరి. మతోన్మాదపు మంటను ఆ కొలఁది దళ మాపఁజాలక పోయెను. సైన్యమే పంచుకోలు జరిగినది. ఎడారిలో ఈ గద్దగుర్తు ధరించిన 16వ పంజాబు రెజిమెంటు పాకిస్థాను పాలఁబడెను.

ఇఁక 1962. మైదానముల కలవాటుపడిన డివిజనును హిమాలయమునకుఁ బంపిరి. నూలుదుస్తులు, చాలని తూటాలు. అక్టోబరు 20న నమ్‌కా చూ వాఁగు గట్టున చీనావారి తాఁకిడికి ఏడవ బ్రిగేడు చెదరెను. కసీనో గుట్టను వదలని గూర్ఖా పటాలమే అందుండెను! నవంబరు 17 రాత్రి సేలా కనుమను విడిచి వెనుదిరిగిరి. ఆపై డివిజను డివిజనుగా లేకపోయెను. సిపాయి పిఱికియైనాఁడని కొందఱనిరి. నే నొప్పుకొనను. పటములపై గీఁతలు గీసి, అన్నము వస్త్రము చేర్పని పెద్దలదే ఆ తప్పు.

నమ్‌కా చూ నుండి బ్రతికి వచ్చినవారిలో 4వ గ్రెనేడియర్సు పటాలపు అబ్దుల్ హమీద్ ఒకఁడు. 1965 సెప్టెంబరులో ఖేంకరణ్ చేరువ అసల్ ఉత్తర్ గ్రామమున, మేజరు జనరల్ గురుబక్ష్ సింగు నాయకత్వమున, ఈ డివిజను మరల నిలిచెను. పొలములకు నీరు వదలిరి. పాకిస్థాను పాటన్ టాంకులు బురదలో దిగఁబడెను. చెఱకుతోఁటల మఱుఁగున మన ఫిరంగు లుండెను. జీపుపై నమర్చిన తుపాకితో టాంకులను ఒకటివెంట నొకటి కూల్చి, హమీద్ 10వ తేదీన నేలఁగూలెను. పరమవీర చక్ర మాయన కుటుంబమున కందెను.

ఆఱేండ్లకు, 1971 డిసెంబరులో, ఎఱ్ఱగద్ద బంగాళమున ఝెనైదా మీఁదుగా కుష్టియా చేరెను.