లైసెన్సు నుంచి ట్రాఫిక్ దాకా: బెంగళూరు కంపెనీ పెద్దల గోడు

బెంగళూరులో వ్యాపారుల మాట సర్కారు చెవిన పడటానికి 1916లో మైసూరు వాణిజ్య మండలి ఏర్పడింది. విచిత్రమేమంటే, దాని వెనుక ఉన్నది స్వయంగా దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యే. పూర్వీకులది కంభం ప్రాంతపు మోక్షగుండం గ్రామం కావడంతో తెలుగువారూ ఆయన్ను తమవాడిగానే చెప్పుకుంటారు. మరుసటి ఏడే ఆయన ఇంజనీరింగ్ కళాశాల తెరిపించారు. పరిశ్రమకు కరెంటు, స్థలంతోపాటు చదువుకున్న చేతులు కూడా రాజ్యమే సమకూర్చాలన్నది ఆనాటి మైసూరు పద్ధతి. శివనసముద్రం కరెంటు 1905లోనే నగర వీధుల్లో వెలిగింది. 1940 డిసెంబరులో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ విమానాల కర్మాగారం పెట్టడానికి బెంగళూరును ఎంచుకున్నది మైసూరు సర్కారు అండ చూసుకునే.

స్వాతంత్ర్యం తర్వాత ఆ పాత్ర కేంద్రం తీసుకుంది. 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ), 1953లో హెచ్ఎంటీ, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. ఫ్యాక్టరీ పక్కనే క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్యాంటీను ఉండేవి. కార్మికుడు అక్కడే పని నేర్చుకుని అక్కడే రిటైరయ్యేవాడు. నైపుణ్యం గల కార్మికులు దొరకడం లేదని ఆ రోజుల్లో మేనేజర్లు పెద్దగా బాధపడాల్సిన అవసరం రాలేదు. చిక్కు జీతాల దగ్గర వచ్చింది. బీహెచ్ఈఎల్ వారితో సమానంగా జీతాలివ్వాలంటూ 1980 డిసెంబరు 26న ప్రభుత్వ రంగ కార్మికులు సమ్మెకు దిగారు. సుమారు లక్షా పాతిక వేల మంది 77 రోజులు పని మానేశారు. అసలు కోరిక నెరవేరకుండానే సమ్మె ముగిసింది.

ఆ సమ్మె ముగిసిన 1981లోనే పుణెలో ఇన్ఫోసిస్ పుట్టింది, 1983లో బెంగళూరుకు మారింది. కంప్యూటరు దిగుమతి అనుమతి కోసం ఢిల్లీ చుట్టూ తిరిగిన తిరుగుడును, ఫోను కనెక్షను కోసం ఏడాది నిరీక్షణను ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి తర్వాత పలుమార్లు గుర్తుచేసుకున్నారు. 1985లో వచ్చిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టెలిఫోను తీగలను నమ్ముకోలేక సొంత ఉపగ్రహ లింకు పెట్టుకుంది. దాని సామగ్రి ఎద్దుబండి మీద వచ్చిందన్న ముచ్చట నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల ఏర్పాటుతో ఈ రకం ఇబ్బంది చాలావరకు తీరింది.

అప్పటినుంచి గోడు ఢిల్లీ మీద కాక విధానసౌధ మీద, అంటే రాష్ట్ర ప్రభుత్వం మీద మొదలైంది. రోడ్లు, విమానాశ్రయం దాని ముఖ్యాంశాలు. ముఖ్యమంత్రి ఎస్.ఎం.కృష్ణ 1999లో నందన్ నీలేకని అధ్యక్షతన బెంగళూరు అజెండా టాస్క్‌ఫోర్స్ వేసి, కంపెనీ పెద్దలను నగర పాలనలో పాలుపంచుకోనిచ్చారు. ఎన్నికైన కార్పొరేషను ఉండగా ఈ కమిటీ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. 2004లో ప్రభుత్వం మారాక కమిటీ మరుగున పడింది. 2005 అక్టోబరులో మాజీ ప్రధాని దేవెగౌడ విమర్శల తర్వాత నారాయణమూర్తి కొత్త విమానాశ్రయ సంస్థ అధ్యక్ష పదవి వదులుకున్నారు. దేవనహళ్లి విమానాశ్రయం 2008 మేలో మొదలైంది.

మనుషుల విషయంలో మరో రకం ఫిర్యాదు వినిపించింది. బహుళజాతి సంస్థల పనికి తగినవారు భారత ఇంజనీర్లలో నాలుగోవంతేనని 2005లో మెకిన్సే అంచనా వేసింది. పట్టా చేతిలో ఉన్నవారికి మళ్లీ నెలల తరబడి శిక్షణ ఇవ్వడానికి ఇన్ఫోసిస్ మైసూరులో పెద్ద ప్రాంగణమే కట్టింది. ఒకప్పుడు రాజ్యం మోసిన ఖర్చు కంపెనీ నెత్తిన పడిందన్నమాట. అయితే ఈ చర్చంతా ఇంజనీర్ల చుట్టూనే తిరిగింది. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ నిబంధనల మార్పు మీద వస్త్ర కర్మాగారాల మహిళలు రోడ్డెక్కి కేంద్రాన్ని వెనక్కి తగ్గించేదాకా వారిని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 2020 డిసెంబరులో కోలారు జిల్లా నరసాపురలోని విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో విధ్వంసం జరిగినప్పుడు మొదట వినిపించింది పెట్టుబడులు బెదిరిపోతాయన్న ఆందోళనే. విచారణలో జీతాల చెల్లింపులో లోపాలు బయటపడ్డాయి, ఆపిల్ ఆ సంస్థకు కొత్త పని ఆపేసింది.

ఉద్యోగాలు కన్నడిగులకే ముందు అన్న మాటా కొత్తది కాదు. 1983లో వేసిన సరోజినీ మహిషి కమిటీ నుంచి అది నలుగుతూనే ఉంది. 2024 జులైలో మేనేజ్‌మెంటు కొలువుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకివ్వాలన్న బిల్లుకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్, కంపెనీ పెద్దలు గగ్గోలు పెట్టడంతో అది వెంటనే ఆగిపోయింది. ఆ సందు చూసి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ కంపెనీలను విశాఖకు రమ్మన్నారు. అంతకు రెండేళ్ల ముందు రోడ్ల గురించి ఒక వ్యాపారి వాపోతే, పెట్టేబేడా సర్దుకుని హైదరాబాద్ వచ్చేయమన్నారు అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్.

రోడ్ల గోడు మాత్రం తీరలేదు. 2022 ఆగస్టు 30న వరదనీటిలో, ట్రాఫిక్‌లో ఉద్యోగులు చిక్కుకుపోయి 225 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని అవుటర్ రింగ్‌రోడ్డు కంపెనీల సంఘం ముఖ్యమంత్రికి రాసింది. 2025 సెప్టెంబరులో సరకు రవాణా సాంకేతిక సంస్థ బ్లాక్‌బక్ అధిపతి, ఉద్యోగులు ఆఫీసు చేరడానికి ఒకవైపే గంటన్నరకు పైగా పడుతోందంటూ అదే రింగ్‌రోడ్డు మీది బెళ్లందూరు ఖాళీ చేస్తామన్నారు. విశాఖ నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. మారుతున్నది బెంగళూరులోనే మరో పేటకని సంస్థ ఆ తర్వాత వివరణ ఇచ్చింది.