గొలుసుకట్టు వ్రాత – కరణంగారి భోషాణం

చిన్ననాట మా చింతలపూడి ప్రాంతాన ఒక కరణంగారి ఇంట చూచిన భోషాణం నేటికీ నా కళ్ళకు కట్టినట్లున్నది. దాని తాళపుచెవి ఆయన జంధ్యానికే వ్రేలాడేది. మూత తెరచినప్పుడు తొంగిచూచినా ఒక్క ముక్క బోధపడేది కాదు. అంతా గొలుసుకట్టు వ్రాత! తరువాత భాషాప్రవీణ చదివి, ప్రబంధాలకు ప్రతిపదార్థం చెప్పిన నేను సైతం ఆ వ్రాత ముందు నిరక్షరకుక్షినే.

మిత్రులారా, వ్యవహారపత్రాల గుట్టు కాపాడుకోవటం కంప్యూటర్లతో పుట్టిన చింత కాదు. ఏ చేను ఎవరి సాగులో ఉన్నదో, ఎవరి శిస్తు ఎంతో, ఏది ఇనామో కరణం కవిలెలోనే ఉండేది. అది పరుల చేత పడితే తగవులు, సర్కారు కంటబడితే పన్నుపోటు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించే గొలుసుకట్టు వేగం కోసం పుట్టినదే అయినా, భోషాణానికి రెండవ తాళమై కూర్చున్నది. వర్తకులు కొందరు బేరాలలో ధరను తమవారికే తెలిసే సంకేతపదాలతో చెప్పుకొనేవారు.

కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కొలువులో గ్రామచరిత్రలు సేకరించిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మన ఏలూరువారే. దండకవిలెలు చూపమంటే కరణాలు జంకేవారు. కుంపిణీవారికి ఊరి గుట్టు తెలిస్తే ఏమి ముంచుకొస్తుందోనని వారి భయం. ఆ భయం నిరాధారమని నేననను. కాని నాడు ఎత్తి వ్రాసుకొన్నవి కైఫీయతులుగా చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నిలిచాయి. చూపక దాచిన మూలాలు ఎన్నో చెదలపాలయ్యాయి.

1984లో కరణీకాలు రద్దయ్యాయి. ఆ వ్రాత చదివేవారూ క్రమంగా కరవయ్యారు. మా తాతగారి నాటి క్రయపత్రం ఒకటి చేతపట్టుకొని చదివేవారి కోసం నేను ఊరూరా తిరిగాను. చివరకు ఒక వృద్ధ కరణంగారు చదివి పెడితే, మా చేనికి ఉత్తరపు హద్దు ఏదో తెలిసింది. మరుసటి ఏడు వారు లేరు. ఒక్క ఏడాది జాగు చేసి ఉంటే, కాగితం మా పెట్టెలోనే ఉండి కూడా మాకు దక్కేది కాదు.

పరులకు తెలియరాదని వేసిన తాళం మన బిడ్డలకూ తెరుచుకోకపోతే ఆ భద్రత ఎవరికోసం? నేటి సంకేతపదాల గతీ ఇంతే. మీ ఇంట అటువంటి కాగితాలుంటే, చదవగల పెద్దలుండగానే చదివించి తేట తెలుగు లిపిలో ఎత్తి వ్రాసుకోండి. ఇంటివారిలో నమ్మదగిన ఒకరికి తాళపుచెవి చోటు చెప్పండి.

తాళం మాత్రం వేసే ఉంచండి!