మాయలు, మాంత్రికులు, పిల్లలు: ఒక ధ్రువపత్రం చరిత్ర

ఒక అద్భుత సాహస చిత్రాన్ని పిల్లలకు చూపవచ్చునా అని అధికారికంగా తేల్చే పని మన దేశంలో సెన్సారుతో పాటే పుట్టలేదు. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని అనుసరించి 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ నగరాల్లో ఏర్పడిన బోర్డులు ప్రతి చిత్రం విషయంలోనూ అది బహిరంగ ప్రదర్శనకు తగునా, తగదా అన్న ఒక్క విషయమే విచారించేవి. పోలీసు అధికారుల పెత్తనం బలంగా సాగిన ఆ బోర్డులకు తెల్లదొరల ప్రతిష్ఠకు భంగం కలిగించే దృశ్యాల గురించీ, ప్రభుత్వంపై ప్రజలను రెచ్చగొట్టే మాటల గురించీ ఉన్న బెంగ, తెరమీది రాక్షసుణ్ణి చూసి రాత్రి నిద్రలో ఉలిక్కిపడే ఏడేళ్ల పిల్లవాడి గురించి ఉండేది కాదు. తగినదని తేలిన చిత్రం ముసలివారికీ పసివారికీ ఒకే విధంగా తగినదయ్యేది.

బ్రిటన్‌లో మాత్రం 1912లో ఏర్పడిన సెన్సారు బోర్డు మొదటి నుంచీ చిత్రాలను రెండు తరగతులుగా విడదీసింది. అందరూ చూడదగినవాటికి ‘యు’ అనీ, పెద్దలకు ఎక్కువగా తగినవాటికి ‘ఏ’ అనీ పేరు. కాలక్రమాన ఈ రెండవ తరగతి చిత్రాలకు పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దలు వెంట ఉంటేనే వెళ్లాలన్న నియమం స్థిరపడింది. 1938లో వాల్ట్ డిస్నీ యానిమేషన్ చిత్రం ‘స్నోవైట్’ అక్కడి బోర్డు ముందుకు వచ్చినప్పుడు, ముసలి మంత్రగత్తెగా మారే రాణినీ, చీకటి అడవిలో చెట్లు చేతులు చాచినట్లు కనిపించే ఘట్టాన్నీ చూసి దానికి ‘ఏ’ ఇచ్చారు. అయితే ప్రదర్శనపై తుది అధికారం స్థానిక సంస్థలదే కాబట్టి, వాటిలో అనేకం ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టి పిల్లలందరినీ లోనికి అనుమతించాయి. పిల్లల కోసమే తీసిన చిత్రం పిల్లలకు తగదేమోనన్న వింత సందేహం ఈ చరిత్రలో ఆ తరువాత మళ్లీ మళ్లీ తలెత్తింది.

మన దేశంలో తరగతుల విభజన 1949 నాటి చట్ట సవరణతో వచ్చింది. అందరికీ ‘యు’, పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే ‘ఏ’ అన్న ఆ ఏర్పాటునే 1951లో ఏర్పడిన కేంద్ర సెన్సారు బోర్డు, 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కొనసాగించాయి. నాలుగేళ్ల పాపకూ పదిహేడేళ్ల యువకుడికీ చట్టం దృష్టిలో తేడా లేదు. భయం గొలిపే చిత్రానికి ‘ఏ’ ఇస్తే బడి పిల్లలంతా దానికి దూరమవుతారు, ‘యు’ ఇస్తే చంటిబిడ్డలకు కూడా తగినదని ప్రభుత్వమే చెప్పినట్లవుతుంది. మాయలూ మంత్రాలూ నిండిన జానపద చిత్రాల విషయంలో ఈ ఇరకాటం నుంచి దేశాన్ని గట్టెక్కించినది చట్టం కన్నా, కుటుంబమంతా కలిసి సినిమాకు వెళ్లే అలవాటేనని చెప్పాలి.

అదే 1951లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ విడుదల చేసిన ‘పాతాళ భైరవి’ని ఈ దృష్టితో పరిశీలించడం ఉపయోగకరం. సాహసవంతుడైన యువకుణ్ణి దేవికి బలి ఇస్తే కోరినదల్లా ఇచ్చే ప్రతిమ దక్కుతుందని తెలిసిన నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి వెంటబెట్టుకుని వెళ్తాడు. పూజకు ముందు స్నానానికి దిగిన రాముడిపై మొసలి దాడి చేయడం, అతని చేతిలో చచ్చిన ఆ మొసలి శాపం తీరిన దివ్యకాంతగా మారి మాంత్రికుడి పన్నాగాన్ని బయటపెట్టడం, చివరకు బలి ఇవ్వదలచినవాడే బలి కావడం వరుసగా జరిగిపోతాయి. నరబలి, తల నరకడం, చచ్చినవాణ్ణి శిష్యుడు సంజీవనితో మళ్లీ బ్రతికించడం అని జాబితా రాసుకుంటే ఇది పసివారికి చూపవలసిన సరుకులా తోచదు. కాని ఎస్.వి.రంగారావు మాంత్రికుడు తెలుగు పిల్లలను భయపెడుతూనే తరతరాలుగా వారి అనుకరణలకు ఆటవస్తువయ్యాడు. ఇందుకు కారణం కథ నడకలో ఉంది: ప్రమాదం ఎదురైన కొద్దిసేపటికే దాన్ని దాటే ఉపాయం కూడా ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, చిన్నవాడి తెలివి పెద్దవాడి మోసాన్ని జయిస్తుంది.

ఇంచుమించు ఇదే వస్తువు ముప్పై మూడేళ్ల తరువాత అమెరికాలో వేరే ఫలితాన్ని ఇచ్చింది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1984లో తీసిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్’లో అమ్రీష్ పురి ధరించిన మోలారామ్ పాత్ర, కాళి ముందు బందీ గుండెను చేతితో పెకలించే ఘట్టం ఉంది. ఈ బందీకి మొసలి వచ్చి దారి చెప్పదు. తల్లిదండ్రుల సలహా మంచిదని సూచించే ‘పీజీ’ గుర్తుతో విడుదలైన ఈ చిత్రంపైనా, అదే ఏడాది వచ్చిన ‘గ్రెమ్లిన్స్’పైనా తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పగా, మధ్యస్థమైన తరగతి ఒకటి కావాలని స్పీల్‌బర్గే సూచించాడు. దాని ఫలితంగా 1984 జూలైలో పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో ప్రత్యేకంగా హెచ్చరించే ‘పీజీ-13’ అమలులోకి వచ్చింది. బ్రిటన్‌లో ఆ ఘట్టాన్ని కత్తిరించిన తరువాతే ‘పీజీ’ లభించింది. భారత ప్రభుత్వానికి కూడా ఈ చిత్రంపై అభ్యంతరమే, అయితే అది భారతీయులను చిత్రించిన తీరుపై కలిగినది. చిత్రీకరణకు ఇక్కడ అనుమతి కుదరక శ్రీలంకలోని కాండీకి వెళ్లవలసి వచ్చింది. దేశ ప్రతిష్ఠ ముందు, పిల్లల నిద్ర తరువాత అన్న 1920ల నాటి వరుస స్వతంత్ర భారతంలోనూ పూర్తిగా చెరిగిపోలేదన్నమాట.

విచిత్రమేమిటంటే మధ్యస్థమైన తరగతి విషయంలో మన దేశం అమెరికా కన్నా ఏడాది ముందుంది. 1983 జూన్‌లో అమలులోకి వచ్చిన సవరణతో బోర్డు పేరులో సెన్సారు స్థానంలో ధ్రువీకరణ అన్న అర్థం చేరడమే కాక, పన్నెండేళ్ల లోపు పిల్లలను తీసుకువెళ్లాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని చెప్పే ‘యు/ఏ’ ఏర్పడింది. 1991లో జారీ అయిన మార్గదర్శక సూత్రాలు, పిల్లలతో సహా కుటుంబ సభ్యులందరూ కలిసి చూడదగినదే ‘యు’ చిత్రమని వివరించాయి. ఇక్కడ కొలబద్ద పిల్లవాడి వయసు కాదు, ఇంటిల్లిపాదీ ఒకే వరుసలో కూర్చోగలగడం.

ఆ కొలబద్ద చాలదని 2016లో ‘ది జంగిల్ బుక్’ తేటతెల్లం చేసింది. త్రీడీలో జంతువులు ప్రేక్షకుల మీదికి దూకినట్లు భయపెడుతున్నాయని బోర్డు దానికి ‘యు/ఏ’ ఇవ్వగా, దూరదర్శన్‌లో మోగ్లీని చూసి పెరిగిన తరం ఆ నిర్ణయాన్ని ఎగతాళి చేసింది. నిజానికి అమెరికా, బ్రిటన్ కూడా దానికి ‘యు’తో సమానమైన గుర్తు ఇవ్వలేదు, రెండు చోట్లా ‘పీజీ’యే దక్కింది. బోర్డును తప్పుపట్టదలచినవారికి అంతకన్నా తగిన అవకాశాలు అంతకు ముందూ తరువాతా చాలానే ఉన్నాయి. షేర్‌ఖాన్ కథలో పాతవాడే అయినా, పెద్ద తెరపై కంప్యూటర్ సృష్టించిన పులి ముఖం పసివాడి ముఖానికి బారెడు దూరంలో నిలిచినట్లు కనిపించడం కొత్త. మరుసటి ఏడు ‘బాహుబలి 2’ మన దేశంలో ‘యు/ఏ’తో ఆడగా, యుద్ధ దృశ్యాల హింస కారణంగా సింగపూర్‌లో పదహారేళ్ల లోపువారికి ప్రవేశం లేకపోయింది.

2016లోనే శ్యామ్ బెనెగల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ‘యు/ఏ’ను వయసును బట్టి విడదీయాలని సిఫారసు చేసింది. 2021లో ఓటీటీ వేదికలకు వర్తించిన నియమాలు ఏడు, పదమూడు, పదహారేళ్ల మెట్లను ముందుగా తెచ్చాయి. 2023 నాటి చట్ట సవరణ అవే మెట్లను సినిమా థియేటర్లకూ విస్తరించింది. అయితే ఈ గుర్తు తల్లిదండ్రుల, సంరక్షకుల ఆలోచనకు ఉద్దేశించినదే తప్ప ఇతరులెవరూ దాన్ని అమలు చేయడానికి వీలులేదని ఆ చట్టమే స్పష్టం చేస్తున్నందువల్ల, ‘యు/ఏ 13+’ అని రాసి ఉన్న మాంత్రికుడి చిత్రానికి ఆరేళ్ల కూతురిని భుజాన వేసుకుని వచ్చిన తండ్రిని తలుపు దగ్గర టికెట్టు చించే ఉద్యోగి ఆపజాలడు.